మాట వినకముందే కులం అడిగే వాదం

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పంజాబ్ ప్రభుత్వం, దవీందర్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ కులాలను ఉపవర్గాలుగా విభజించే అధికారం రాష్ట్రాలకు ఉందని ఆరుగురు అన్నారు. లేదని జస్టిస్ బేలా త్రివేది ఒక్కరు అన్నారు. అన్ని అభిప్రాయాలూ కలిపి తీర్పు 565 పేజీలు. అందులో పది పేజీలైనా చదవకముందే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ గోడల మీద, యూట్యూబ్ వీడియోల కింద రెండు సేనలు మోహరించాయి. ఇప్పటికీ ఆ సేనలు విడిపోలేదు. రాయ్‌పూర్‌లో ఉంటున్న మా ఫోన్లలోకి కూడా ఆ యుద్ధం రోజూ వస్తూనే ఉంది.

ఆ వాదాలను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాం. వాదించుకునేవారిలో ఒకరు వరంగల్‌లో ఉంటారు, మరొకరు గుంటూరులో, ఇంకొకరు ఎక్కడో దుబాయ్‌లో. ఒకరి ముఖం ఒకరు చూసినవారు కారు. ముగ్గురి ప్రొఫైల్‌లోనూ బాబాసాహెబ్ బొమ్మే ఉంటుంది. ముగ్గురూ ‘జై భీమ్’ అనే మొదలుపెడతారు. ఒకరు ఒక మాట అనగానే రెండోవారు అడగవలసింది ‘తీర్పులో ఏ పేరాలో ఉంది?’ అని. అడిగేది మాత్రం ‘ఇంతకీ నువ్వెవరు?’ అని. ఇంటిపేరు చూసి, జిల్లా చూసి, స్నేహితుల జాబితా చూసి కులం ఊహిస్తారు. ఊహ తేలాక ఇక వాదంతో పని లేదు. తనవాడైతే అన్నదంతా సత్యం. ఎదుటివాడైతే అన్నదంతా కుట్ర. తన కులంలో పుట్టి ఎదుటి పక్షం మాట అంటే వాడు ‘అమ్ముడుపోయినవాడు’.

దీన్ని ఇంగ్లీషు పత్రికలు ‘ట్రైబలిజం’ అంటున్నాయి. మనవాళ్లు దాన్ని ‘తెగతత్వం’ అని దించుకున్నారు. ఆ మాట మాకు సమ్మతం కాదు. 2011 జనగణన ప్రకారం మేముంటున్న ఛత్తీస్‌గఢ్ జనాభాలో దాదాపు 31 శాతం ఆదివాసులు. గోండు, హల్బా, ఉరావ్ పల్లెల్లో పనిచేసినవారికి తెలుసు, అక్కడ తగాదా వస్తే ఊరంతా ఒకచోట కూర్చుని రెండు పక్షాలూ చెప్పేది వింటుంది. ముఖం తెలియని మనిషిని కులం పేరుతో కొట్టిపారేసే అలవాటు అడవి నుంచి రాలేదు. అది మన వాడల్లో, మన అగ్రహారాల్లో, మన పట్టణాల్లో కులవ్యవస్థ నేర్పిన విద్య. దానికి గుంపుతనం అని పేరు పెట్టుకుందాం. మన దేశంలో దాని అసలు పేరు కులతత్వం.

ఇది ప్రయోజనాల తగాదా మాత్రమే, వాటా కోసం పోరాడటం సహజం కదా అని కొందరంటారు. నిజంగా వాటా కోసమే అయితే రాయ్‌పూర్ సంగతి చూడండి. తెలుగు రాష్ట్రాల నుంచి వలస వచ్చి ఇక్కడా భిలాయ్‌లోనూ స్థిరపడిన దళిత కుటుంబాలున్నాయి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక సంగతి తేల్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయికి వెళ్లిన కుటుంబంలోని విద్యార్థి కేసు అది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులంగానో తెగగానో గుర్తింపు ఉన్నా, వలస వెళ్లిన రాష్ట్రపు కోటాలో ఆ గుర్తింపు వెంట రాదు. అంటే తెలంగాణ నుంచి వచ్చిన మాల కుటుంబానికీ మాదిగ కుటుంబానికీ ఆ వలస గుర్తింపుతో ఛత్తీస్‌గఢ్ కోటాలో దక్కే వాటా సమానం: సున్నా. ఇక్కడ వారిద్దరినీ ఇరుగుపొరుగు పిలిచేది ఒకే పేరుతో, ‘తెలుగువాళ్లు’ అని. అయినా హైదరాబాద్ వాటా గురించి ఇద్దరూ ఫోన్లలో తిట్టుకుంటున్నారు. ఊళ్లో ఉన్న అన్న కొడుకు కోసం, అక్క కూతురు కోసం ఆరాటం ఉండదని మేము అనం. కానీ వారిని ఇంత దూరం లాగుతున్నది వాటా ఒక్కటే కాదు. ‘నేను ఫలానా గుంపువాణ్ణి’ అని తనవారి ముందు నిరూపించుకోవాలన్న తపన. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్నవారికి ఆ తపన మరింత ఎక్కువ.

గుంపుతనం సత్యానికి ఎంత నష్టం చేస్తుందో ఈ తీర్పు విషయంలోనే చూడవచ్చు. తీర్పు మర్నాటి నుంచి ఒక పక్షం ‘ఎస్సీలకు క్రీమీలేయర్ వచ్చేసింది, రిజర్వేషన్లు పోయినట్టే’ అని ప్రచారం చేసింది. కోర్టు ముందున్న ప్రశ్న ఉపవర్గీకరణ. క్రీమీలేయర్ గురించి జస్టిస్ బి.ఆర్. గవాయ్, మరికొందరు న్యాయమూర్తులు తమ అభిప్రాయాల్లో రాశారు. అది అమలు చేయవలసిన ఆదేశం కాదు. ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ పెట్టబోమని కేంద్ర మంత్రివర్గం ఆగస్టు 9నే ప్రకటించింది. రెండో పక్షం ‘వర్గీకరణ చేయాలని కోర్టు ఆదేశించింది, కాదన్నవాడు రాజ్యాంగ ద్రోహి’ అని ప్రచారం చేసింది. కోర్టు చేయాలని అనలేదు, చేయవచ్చు అంది. లెక్కల ఆధారం చూపాలంది. మొత్తం సీట్లు ఒకే ఉపవర్గానికి కట్టబెట్టి మిగిలినవారిని బయటకు నెట్టకూడదంది. ఆ విభజనను కోర్టులు సమీక్షించవచ్చంది. చట్టం చదివినవారు రెండు గుంపుల్లోనూ ఉన్నారు. ఎదుటి గుంపు అబద్ధాన్ని వారు చక్కగా దిద్దారు. తమ గుంపు అబద్ధం దగ్గర మౌనం వహించారు. మమ్మల్ని ఎక్కువగా బాధించింది ఆ మౌనమే.

జస్టిస్ గవాయ్ విషయం మరీ విచిత్రం. ఆయన 2025 మేలో భారత ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడు, ఆ పదవిలో కూర్చున్న తొలి బౌద్ధుడని మనమంతా గర్వపడ్డాం. అంతకు తొమ్మిది నెలల కిందట ఈ తీర్పు నాడు కొందరికి ఆయన ద్రోహి, కొందరికి ఆప్తుడు. ఆయన రాసిన కారణాలు ఒప్పా తప్పా అని విచారించినవారు అరుదు. న్యాయమూర్తిని పొగడటానికీ తెగడటానికీ పుట్టుకే సరిపోతే మనం మనువు దగ్గర నేర్చిందేదీ వదులుకోలేదన్నమాట.

ఇద్దరి బాధలోనూ చరిత్ర ఉంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ 1997లో నివేదిక ఇచ్చింది. 15 శాతాన్ని ఎ, బి, సి, డి వర్గాలకు 1, 7, 6, 1గా పంచారు. 2000లో చట్టం వచ్చింది. 2004 నవంబర్ 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత దవీందర్ సింగ్ తీర్పు ఆ చిన్నయ్య తీర్పునే పక్కన పెట్టింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో కొత్త చట్టం అమలులో ఉంది. 59 కులాలు మూడు వర్గాలుగా 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. చట్టం తన మాట చెప్పేసింది. లెక్కలు సరిగా లేవనుకుంటే కోర్టు తలుపు తెరిచే ఉంది. అయినా గ్రూపుల్లో తిట్లు తగ్గలేదు. తగాదా వాటా కోసమే అయితే వాటా తేలాక తగ్గాలి కదా.

మా అభిప్రాయం దాచం. అందరికన్నా వెనకబడినవారికి ముందు అందాలన్నది న్యాయం. సరైన లెక్కల మీద జరిగే పంపకం సమతకు విరుద్ధం కాదు. అదే సమయంలో, పంచుకునే సర్కారు కొలువులే తగ్గిపోతుంటే శాతాలు పెరిగినా చేతికి వచ్చేది తక్కువే అన్న ఎదుటి పక్షం మాటలోనూ సత్యం ఉంది. ఈ వాక్యాలు చదవగానే మీలో కొందరికి మా ఇంటిపేరు ఏమిటో, మా కులం ఏదో తెలుసుకోవాలనిపించి ఉంటుంది. ఈ వ్యాసం విమర్శిస్తున్నది ఆ కోరికనే. 1990లో చట్టం సవరించి బౌద్ధులకు కూడా షెడ్యూల్డ్ కుల హోదా ఇచ్చారు. అందుకే దీక్ష తీసుకున్నాక కూడా మన చేతిలో కులపత్రం ఉంటుంది. అది మన హక్కు. ఆ పత్రం అడగవలసిన చోటు తహసీల్దారు కార్యాలయం. చర్చలో దాన్ని అడిగేవారు దీక్షను సగంలో ఆపినవారు.

బాబాసాహెబ్ ఈ జబ్బును ఎక్కడ గుర్తించారో చూద్దాం. ఆయన మరణించాక 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి కారణం ముసలివాడు, రోగి, శవం కాదు. రోహిణి నది నీళ్ల తగాదా. శాక్యులకూ కోలియులకూ మధ్య ఆ నది. ఎవరు ముందు నీళ్లు పెట్టుకోవాలన్న దాని మీద పాలేర్లు కొట్టుకున్నారు. శాక్య సంఘంలో సేనాపతి యుద్ధం చేద్దామన్నాడు. సిద్ధార్థుడు ఆ తీర్మానాన్ని ఎదిరించాడు. ముందు తప్పెవరిదో విచారిద్దామన్నాడు. మనవాళ్లు కూడా చేయి చేసుకున్నారని విన్నాను, అదే నిజమైతే మనమూ నిర్దోషులం కాదన్నాడు. మనవైపు ఇద్దరు, వారివైపు ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న ఐదోవారు కూర్చుని పరిష్కరించాలన్నాడు.

సేనాపతి జవాబు గమనించదగ్గది. మనవాళ్లే ముందు కొట్టిన మాట నిజమేనని అతను ఒప్పుకున్నాడు. వెంటనే, కానీ నీళ్లు ముందు పెట్టుకునే వంతు మనదే అన్నాడు. నేటి మన గ్రూపుల్లో ప్రతి వాదం ఈ ‘కానీ’ దగ్గరే ఆగిపోతోంది. మనవాడు అబద్ధం చెప్పాడు, నిజమే, కానీ... మనవాడు బూతు వాడాడు, నిజమే, కానీ... సిద్ధార్థుడు ఆ ‘కానీ’ని ఒప్పుకోలేదు. ఓటులో ఓడిపోయాడు. యుద్ధానికి రానన్నాడు. దానికి శిక్షగా దేశం విడిచి వెళ్లాడు. ‘అమ్ముడుపోయినవాడు’ అన్న మాట ఆనాడు శాక్యుల నోట వచ్చి ఉంటే అది మొదట పడేది ఆయన మీదే. సొంత గుంపుతో విభేదించడం ద్రోహం అయితే మన మార్గదాత జీవితం ద్రోహంతోనే మొదలైంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఆకలితో ఉన్నవాడికి మర్యాద నేర్పడం కడుపు నిండినవాడి పని, అరవకపోతే మా గోడు ఎవరు విన్నారు అని అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్న. దండోరా ముప్పై ఏళ్లు అరిచింది. ఊరూరా తిరిగి, డప్పు కొట్టి, దాచుకోవలసిన పేరుగా లోకం చేసిన ‘మాదిగ’ పేరును సొంత పేరు చివర గర్వంగా తగిలించుకుంది. అది తన పేరు తాను చెప్పి న్యాయం అడగడం. ముఖం దాచుకుని ఎదుటివాడి కులం పసిగట్టి నోరు మూయించడం దానికి పూర్తిగా వ్యతిరేకం. మొదటిది కులం మీద పోరాటం, రెండోది కులానికి ఊడిగం. సిద్ధార్థుడు కూడా నీళ్లు అక్కర్లేదని అనలేదు, నోరు మూసుకుని కూర్చోలేదు. తప్పెవరిదో విచారించాకే తీర్పు అన్నాడు.

ఈ జబ్బు తెలుగువారిది మాత్రమే కాదు. 2012లో ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసుల వాటా 32 శాతానికి పెంచి, ఎస్సీల వాటా 16 నుంచి 12కు తగ్గించారు. మొత్తం 58 అయింది. 2022 సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ పదేళ్లలో సత్నామీలూ ఆదివాసులూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్న సందర్భాలు ఇక్కడ పనిచేసేవారికి తెలుసు. వాటా కోసిన చేయి ఎవరిదన్న ప్రశ్న పక్కకుపోయింది. పక్కవాడి కంచమే కనిపించింది.

మజ్ఝిమ నికాయంలోని అభయ రాజకుమార సుత్తంలో బుద్ధుడు తన మాటకు పెట్టుకున్న కొలతలు మూడు. అది నిజమా? వినేవారికి మేలు చేస్తుందా? ఇది చెప్పవలసిన సమయమేనా? నిజమై, మేలు చేసేదైతే ఎదుటివారికి రుచించకపోయినా సమయం చూసి చెబుతానన్నాడు. కాబట్టి సమ్యక్ వాక్కు అంటే తియ్యగా మాట్లాడటం కాదు. ఈ మూడు ప్రశ్నల్లో ఎక్కడా ‘చెప్పింది ఎవరు?’ అన్నది లేదు.

కోశాంబిలో భిక్షువులు ఒకసారి నీళ్ల పాత్ర గురించిన చిన్న నియమం మీద రెండుగా చీలారు. బుద్ధుడు స్వయంగా చెప్పినా వినలేదు. ఆయన వారిని వదిలి అడవికి వెళ్లాడు. అప్పుడు కోశాంబి ఉపాసకులు ఒక పని చేశారు. ఏ పక్షానికీ నమస్కరించలేదు, ఏ పక్షానికీ భిక్ష వేయలేదు. కొద్ది కాలానికే ఆ భిక్షువులు శ్రావస్తికి నడిచివెళ్లి బుద్ధుడి ముందు రాజీపడ్డారు. నేటి తగాదాకోరులకు మనం వేసే భిక్ష లైకు, షేరు, ఫార్వర్డు. మన గుంపువాడు పంపిన అబద్ధాన్ని ముందుకు పంపకుండా ఆపడం, ‘అన్నా, ఇది తీర్పులో లేదు’ అని అదే గ్రూపులో అందరి ముందు రాయడం ప్రతి ఉపాసకుడూ, ఉపాసికా ఈ రోజే చేయగలిగిన పని. దానికి కొంత ఖరీదు చెల్లించాలి. గ్రూపు నుంచి తీసేయవచ్చు. రోహిణి ఒడ్డున ఒకరు అంతకన్నా ఎక్కువే చెల్లించారు.