ఉబ్బిన సిర, దిగిన రక్తపోటు

మనము ఊపిరి పీల్చునపుడు ఛాతీలోని పీడనము తగ్గి, రక్తము హృదయమువైపు ఆకర్షింపబడుటచే, మెడలోని జుగులర్ సిర ఒకింత ముడుచుకొనును; మత్తిచ్చి, కండరములను సడలించి, వెంటిలేటరుతో గాలిని లోనికి నెట్టునపుడు ఈ ప్రకృతిధర్మము తలక్రిందులై, తూము మూసిన చెరువునందు నీటిమట్టము పెరుగునట్లు, గుండెకు మరలవలసిన నెత్తురు నిలిచి సిర ఉబ్బును.

అమీన్‌పూరులో నివసించుచు, పటాన్‌చెరు, పాశమైలారము కర్మాగారములనుండి కాలిన యొడలితోనో నలిగిన చేతులతోనో వచ్చు శ్రామికులకు మత్తిచ్చుటయే జీవనముగాగల నాకు, ఈ ఉబ్బు నిత్యావసరము. రక్తము కోల్పోయినవాని సిర అల్ట్రాసౌండు తెరపై సన్నని చీలికగా కనబడును. పెద్ద సిరలోనికి జొనుపు సన్నని గొట్టమగు సెంట్రల్ లైను కొరకు సూది మోపినంతనే రెండు గోడలును కలిసిపోవును. ఆ గోడలను దాటిన సూది ప్రక్కనున్న కరోటిడ్ ధమనిని గాయపరచవచ్చును. (మెడను మితిమీరి త్రిప్పినచో సిర ధమనిపైకే జరుగునని కుఱ్ఱ వైద్యులకు ఎంత చెప్పినను త్రిప్పుచునే యుందురు.) బల్ల తలవైపు దించినను చాలనపుడు, "పీప్ పది పెట్టు తమ్మీ" అందును, అనగా ఊపిరి విడిచిన పిదపగూడ ఊపిరితిత్తులలో పది సెంటీమీటర్ల నీటి పీడనము నిలుచును. సిర విప్పారును. "బీపీ పడిపోతుంది సార్" అను మాటయు వెంటనే వినబడవచ్చును.

ఎవని సిర మిక్కిలి సన్నమో వానికే ఈ ఉపాయము మిక్కిలి ప్రమాదకరము. ఏలయన సిరలో నిలిచిన నెత్తురు గుండెకు చేరని నెత్తురే. కావున ముందుగా ద్రవములెక్కించి, సూది దిగు కొలది నిమిషములే పీడనము పెంచి, సూదిగుండ జొనిపిన తీగ సిరలోనున్నదని తెరపై చూచినంతనే దించుట నా పద్ధతి.

ఊపిరికిని గుండెకును గల ఈ ముడిపై వాదము పాతదే. నిజాము ధనసహాయమున వైద్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో నడపిన రెండవ క్లోరోఫారం కమిషను, 1889లో, క్లోరోఫారము మత్తులో ముందాగునది ఊపిరియే గాని గుండె కాదని తీర్మానించెను. 1911లో లెవీ యను పరిశోధకుడు పిల్లులపై పరిశోధించి, తేలికమత్తులో క్లోరోఫారము గుండెనే నేరుగా నిలుపగలదని చూపెను. ఊపిరిని గుండెనుండి విడదీసి తీర్పు చెప్పబూనుట ఎంత సాహసమో, ఆ పెద్దలకు లేని తెర నా యెదుట నుండుటచే, ప్రతి దినము చూచుచున్నాను.

గుండె బలహీనపడి సిర ముందే నిండియున్నవారియందు మాత్రము పీప్ పెంచుటవలన కలుగు లాభము స్వల్పము. సూది కొరకై వారికి నేను పెంచను.