బాణం గుర్తున్న బెల్టు

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి తుపాకీని డిపోకు అప్పగించేస్తాడు. పతకాలు ఇనప్పెట్టెలో అడుగుకు చేరతాయి. నెలల తరబడి రాత్రీ పగలూ ఒంటిని అంటిపెట్టుకుని ఉన్న సామాను వేరే ఉంది: నడుం బెల్టు, భుజాల పట్టీలు, తూటాల పౌచ్‌లు, నీళ్ల సీసా, మెస్ టిన్, వీపు మీది హావర్‌సాక్. వీటికి మ్యూజియంలో అద్దాల అరలు అరుదుగా దొరుకుతాయి. అయినా ఒక మామూలు సిపాయి ఎలా బతికాడో, ఎంత బరువు మోశాడో తెలుసుకోవాలంటే తుపాకీ కన్నా ఇవే ఎక్కువ చెబుతాయని నా నమ్మకం. ప్రపంచమంతటా వేలమంది ఈ పాత ఫీల్డ్ గేర్‌ను వెతికి, గుర్తుపట్టి, భద్రపరుస్తున్నారు. ఓపిక, చదువు రెండూ కావలసిన విద్య ఇది.

మన దేశానికి బాగా దగ్గరైనది బ్రిటిష్ 1937 పాటర్న్ వెబ్బింగ్. వెబ్బింగ్ అంటే నూలుతో దళసరిగా, బిగువుగా నేసిన పట్టీ. వెబ్బింగ్ రాకముందు సైన్యం ఎక్కువగా తోలు సామాను వాడేది. తోలు వానకు నాని సాగుతుంది, ఎండకు పెళుసెక్కి పగులుతుంది. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో సాగిన బోయర్ యుద్ధం ఈ లోపాలన్నిటినీ బయటపెట్టింది. అమెరికా సైన్యంలో అధికారిగా పనిచేసిన ఆన్సన్ మిల్స్ అప్పటికే, తూటాల గూళ్లను విడిగా కుట్టకుండా మగ్గం మీదే బెల్టుతో కలిపి నేసే పద్ధతి కనిపెట్టి ఉన్నాడు. నేత తెలిసిన తెలుగువాళ్లకు ఇందులోని పనితనం వెంటనే అర్థమవుతుంది. కుట్టు లేని చోట పిగిలిపోవడానికి ఏమీ ఉండదు. ఆయన పేరుతో నడిచిన కంపెనీ తయారుచేసిన 1908 పాటర్న్‌ను బ్రిటిష్ సైన్యం తీసుకుంది. బెల్టుకు ఒక్కో పక్క అయిదు పౌచ్‌లు, ఒక్కో పౌచ్‌లో పదిహేను తూటాలు, మొత్తం 150. మొత్తం సామాను ఒకదానికొకటి తగిలించి ఉంటుంది కాబట్టి చొక్కా విప్పినట్టు ఒకేసారి విప్పి పక్కన పెట్టొచ్చు.

మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఈ సామానులో ఒక చిన్న మార్పు జరిగింది. కందకంలో సిపాయి గోడకు ఆనుకుని తుపాకీ పేల్చేటప్పుడు ఎడమ పక్క పౌచ్‌ల మూతలు ఊడి తూటాలు బురదలో పడిపోయేవి. అందుకని ఎడమవైపు పౌచ్‌లకు మాత్రం అదనంగా చిన్న పట్టీలు పెట్టారు. ఆ పట్టీలు లేని ఎడమ పక్క పౌచ్‌లు దొరికితే అవి ఆ మార్పుకు ముందు రకమని చెప్పొచ్చు. వంద పేజీల చరిత్ర పుస్తకంలో రాని సంగతి రెండంగుళాల పట్టీలో ఉంటుంది. ఈ సేకరణ మీద నాకున్న మక్కువంతా ఇలాంటి చోటే.

1937 నాటికి అవసరం మారింది. బ్రెన్ లైట్ మెషిన్‌గన్ వచ్చింది. దానికి ఎన్ని తూటాలున్నా చాలవు కాబట్టి, సెక్షన్ అనే చిన్న దళంలో ప్రతి సిపాయీ ఆ గన్ మ్యాగజైన్‌లు మోయాల్సి వచ్చింది. చిన్న చిన్న గూళ్లు పోయి, ఛాతీకి రెండు పక్కలా రెండు పెద్ద పౌచ్‌లు వచ్చాయి. వాటిలో బ్రెన్ మ్యాగజైన్‌లు పడతాయి, లేదంటే గ్రెనేడ్‌లు. తర్వాత స్టెన్ గన్ వచ్చాక దాని పొడవాటి మ్యాగజైన్ పట్టేలా పౌచ్ ఎత్తు పెంచారు. అందుకే పాత పౌచ్ చేతికి రాగానే ముందు దాని ఎత్తు కొలవాలి.

రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. మద్రాసు రెజిమెంట్‌లో, మద్రాసు సాపర్స్ అనే ఇంజనీరు దళంలో తెలుగువాళ్లున్నారు. ఆఫ్రికా ఎడారిలోనూ ఇటలీ కొండల్లోనూ మన సిపాయిల ఒంటిమీద ఈ వెబ్బింగే కనిపిస్తుంది. బర్మా అడవుల్లో మాత్రం దాని బలహీనత తేలిపోయింది. దళసరి నూలు వానకు నీళ్లు తాగి బరువెక్కేది, ఆరక ముందే బూజు పట్టేది. అక్కడి కోసమే తేలిగ్గా ఉండే, బూజు పట్టకుండా మందు పెట్టిన 1944 పాటర్న్ తయారుచేశారు, అల్యూమినియం నీళ్ల సీసాతో సహా. అది సిపాయిలకు అందేసరికి యుద్ధం దాదాపు ముగిసింది. స్వాతంత్ర్యం తర్వాత కూడా భారత, పాకిస్తాన్ సైన్యాలు చాలా ఏళ్లు 1937 పద్ధతి సామానే వాడాయి. కాబట్టి తేదీ చూడకుండా "ఇది ప్రపంచయుద్ధం నాటిది" అనే అమ్మకందారు మాట నమ్మకూడదు.

తేదీ ఎక్కడుంటుంది? బెల్టు లోపలి వైపు, పౌచ్ మూత కింద, హావర్‌సాక్ లోపల సిరా ముద్ర వెతకాలి. తయారీదారు పొడి అక్షరాలు, సంవత్సరం, ప్రభుత్వ ఆస్తి అని తెలిపే బాణం గుర్తు ఉంటాయి. బాణం చుట్టూ సీ అక్షరం ఉంటే కెనడా, యూ అక్షరం ఉంటే దక్షిణాఫ్రికా, బాణంతో పాటు ఐ ఉంటే ఇండియా. నీలి బూడిదరంగు వెబ్బింగ్ వైమానిక దళానిది. ముద్ర చెరిగిపోయిందనిపిస్తే టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి, నేతలో ఇంకిన సిరా కొంత బయటపడుతుంది. వీటన్నిటికన్నా విలువైనది సిపాయి తానే పెన్సిలుతోనో పెయింటుతోనో రాసుకున్న పేరు, నంబరు. ఇండియాలో తయారైన వాటి నేత చాలాసార్లు ఇంగ్లండు నేతంత బిగువుగా ఉండదు. అందుకని కొందరు సేకర్తలు దాన్ని తక్కువగా చూస్తారు. నేను ఒప్పుకోను. ఉన్న మగ్గాలతో, ఉన్న నూలుతో లక్షలమందికి సామాను సమకూర్చిన దేశపు కష్టం ఆ వదులు నేతలో ఉంది. మన సేకర్తలు ముందు వెతకాల్సింది దాన్నే.

నకిలీలు బోలెడు. సినిమాల కోసం, వేషధారణ ప్రదర్శనల కోసం నిజాయితీగా చేసిన కొత్త సామానే చేతులు మారి, టీ నీళ్లలో ముంచిన రంగుతో పాతదిగా అమ్ముడవుతుంది. పరీక్షలు తేలికే. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వెయ్యండి. ఈనాటి దారానికి, గుడ్డకు తెల్లదనం కోసం కలిపే రసాయనాలు నీలంగా మెరుస్తాయి, పాత నూలు మెరవదు. అయితే అసలైనదాన్ని ఎవరైనా ఇప్పటి సబ్బుపొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వకూడదు. ఊడిన దారపు పోగు ఒకటి ఉంటే వెలిగించి చూడాలి. నూలు బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి పూసకడుతుంది. అరుగుదల కూడా చూడాలి. బకిల్ రాసుకునే చోట, పట్టీ వంగే చోట అరగాలి. అంతా ఒకేలా మాసిపోయిన బెల్టును ఎవరూ నడుముకు కట్టి ఉండరు.

ఇక భద్రపరచడం. చాలా సామాను పాడయ్యేది ఇక్కడే, అదీ ప్రేమతోనే. ఇంటికి తేగానే ఉతికేస్తారు. సిపాయిలు వెబ్బింగ్‌కు బ్లాంకో అనే రంగు బిళ్లను తడిబ్రష్‌తో పట్టించేవాళ్లు. ఆ పూత పొరలు, చెమట మరకలు, మట్టి అన్నీ సాక్ష్యాలే. ఒక్క ఉతుకుతో అన్నీ పోతాయి, పైగా నూలు కుంచించుకుపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపడం చాలు. ఇత్తడి బకిళ్లను బ్రాసోతో తళతళలాడించొద్దు. తోలుకు తగులుతున్న ఇత్తడి మీద మాత్రం పచ్చటి చిలుము పేరుకుంటుంది. తోలులోని కొవ్వుకు ఇత్తడిలోని రాగి తగిలి పుట్టేది అది. దాన్ని వెదురు పుల్లతో మెల్లగా గీకి, రెంటి మధ్య శుభ్రమైన కాగితం పెట్టాలి. తోలుకు నూనె పట్టిస్తే మెత్తబడుతుందని తెగ రాస్తారు, అతిగా రాసిన నూనె దుమ్మును పట్టి తోలును నల్లగా, బంకగా చేస్తుంది. తోలు ఎర్రటి పొడిగా రాలుతుంటే అది లోపల ఆమ్లంతో కుళ్లుతున్న గుర్తు, అలాంటిదాన్ని వంచకూడదు.

మన వాతావరణంలో అసలు శత్రువు గాలిలోని తేమ. కోస్తా ఊళ్లలో వానాకాలం నాలుగు నెలలూ పెట్టె తెరిచి చూస్తూ ఉండాలి. పట్టీలను మడత పెట్టకుండా వదులుగా చుట్టి, ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. పురుగు పట్టిన ఉన్ని ఉంటే మాత్రం కొన్నాళ్లు పాలిథిన్‌లో గట్టిగా మూసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మంచి పద్ధతి. కలరా ఉండలు సామానుకు తగలకూడదు. వైరు హ్యాంగరుకు కోటు తగిలించడమూ తప్పే, భుజాల దగ్గర బరువుకు చిరుగుతుంది.

కొన్నిటితో ప్రాణాపాయం ఉంది. పాత గ్యాస్ మాస్కుల వడపోత డబ్బాల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పిల్లలకు సరదాగా తొడగొద్దు. ఆనాటి ప్రిజ్మాటిక్ కంపాస్‌లలో చాలావాటికి రేడియం రంగు పూశారు. చీకట్లో ఇప్పుడది వెలగకపోయినా రేడియం ఎక్కడికీ పోలేదు, దాని సగం ఆయుష్షే దాదాపు 1600 ఏళ్లు. అద్దం విప్పకూడదు. తూటాలు, గుండ్లు ఎక్కడ కనబడినా ముట్టకుండా పోలీసులకు చెప్పాలి. చట్టం కూడా తెలిసి ఉండాలి. తొమ్మిదంగుళాలకు మించిన కత్తులు ఆయుధ నిబంధనల పరిధిలోకి వస్తాయి, 1907 పాటర్న్ బాయినెట్ అలుగే 17 అంగుళాలు. దాన్ని కొనే ముందు పోలీసు శాఖను అడగాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచయుద్ధపు సామానుకు ఇప్పుడు ఆ వయసు వచ్చేసింది.

ఇంతకీ విలువ దేనికి? పేరూ ఊరూ తెలియని బెల్టు బజారులో ఒక వస్తువు మాత్రమే. అదే బెల్టు ఎవరిదో, ఏ దళంలో ఎక్కడ తిరిగిందో తెలిస్తే చరిత్రకు ఆధారం అవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ అక్కడి నుంచి సైనికులు వెళ్లారు, తరతరాలుగా వెళుతూనే ఉన్నారు. అలాంటి ఇళ్లలో, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని మరెన్నో ఇళ్లలో, పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టెలు అటకల మీద ఉన్నాయి. తాతల తరం వెళ్లిపోయింది, వాళ్ల మాటలు విన్న తరం ఇంకా ఉంది.

మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీయండి. ముద్రలనూ అంకెలనూ కాగితం మీద రాసుకోండి. తాతగారి పేరు, రెజిమెంటల్ నంబరు, దళం, వెళ్లిన చోట్లు పెద్దవాళ్లను అడిగి ఆ కాగితం మీదే చేర్చండి, ఒక నకలు పెట్టెలోనే ఉంచండి. అమ్మక తప్పకపోతే బెల్టొకరికి, సీసా ఒకరికి కాకుండా మొత్తం ఒకరికే, ఆ కాగితంతో కలిపి ఇవ్వండి.