నీలిచుక్క వెంట

పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఏ రచన చేతికొచ్చినా నేను మొదట వేసుకున్న ప్రశ్న ఒకటే: ఇది ఎవర్ని పాఠకుడిగా ఊహించుకుంది? ఆ ప్రశ్నని ఈ మధ్య నా ఫోన్‌లోని మ్యాపుని కూడా అడగాల్సొచ్చింది.

సెమినార్ ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. స్కూటీ తీశాను. నాలుగు నిమిషాలు కలిసొస్తుందంటూ యాప్ ఒక దారి చూపింది. ఆ దారి నాకు తెలుసు. ఓ పక్క ప్రహరీగోడ, మరోపక్క ఖాళీ ప్లాట్లు, సగం వెలగని లైట్లు. నేను టీకొట్టు, కర్రీ పాయింటు, మందులషాపు ఉన్న చుట్టుదారి పట్టాను. వెనక్కి తిరగమని యాప్ పోరుతూనే ఉంది. అదీ ఆడగొంతుతో!

వెలుతురు, జనసంచారం లెక్కలోకి తీసుకునే ప్రయత్నాలు లేకపోలేదు. 2013లో మొదలైన సేఫ్టీపిన్ అలాంటిదే. కానీ ఆ రాత్రి నా చేతిలోని మ్యాపుకి మంచిదారంటే త్వరగా చేర్చేదే. అది ఊహించుకున్న ప్రయాణికుడికి భయం లేదు. అంటే అతను మగవాడు.

ఇది కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామి 1830-31లో చేసిన కాశీయాత్ర 1838లో పుస్తకంగా వచ్చింది. నీళ్లు, బస, సరుకులు ఎక్కడ దొరుకుతాయో మజిలీ మజిలీకీ చెప్తాడాయన. దారంటే దూరం మాత్రమే కాదని తెలిసిన రచన అది. అయినా అదీ పల్లకీలో కూర్చున్నవాడి దారే. మోసిన బోయీలు రాసుంటే ఆ దారి వేరేగా ఉండేది.

ఇంటికి రాగానే మా ఆయన, "ఫోన్‌లో చూస్తూనే ఉన్నా, అటెందుకు తిరిగావ్?" అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 2017లో వచ్చింది. 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని గడువు ఎంచుకోవచ్చు. నేను భద్రత కోసం పంపిన చుక్కకి నేనే సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. ఆయన చుక్కని నేనెప్పుడూ అడగలేదు. ఆయనా ఇవ్వలేదు.

అప్‌గ్రేడ్‌కీ మా ఇంట్లో వరసుంది. కొత్త ఫోన్ ఆయనకి, ఆయనది నాకు, నాది అమ్మకి. అమ్మ దగ్గరకి చేరేసరికి దానికి అప్‌డేట్లు ఆగిపోతాయి. అమ్మకి మ్యాపుతో పనిలేదు. "రామాలయం దాటాక వేపచెట్టు కింద పూలమ్మే ఆమెని అడుగు" అంటుంది. ఆమె చెప్పే ప్రతి దారీ ఒక మనిషి దగ్గర ఆగుతుంది. ఎక్కువసార్లు ఒక ఆడమనిషి దగ్గర.

మొన్న రాత్రి బయల్దేరేముందు ఎవరికీ చుక్క పంపలేదు. అమ్మకి ఫోన్ చేసి ఎటునుంచి వెళ్తున్నానో చెప్పాను.

"ఈ వేళకి ఆ దారిలో కొట్లు తెరిచే ఉంటాయా?" అనడిగింది అమ్మ.