చిన్న చెమ్మ

నిజాంపేట, మియాపూర్ వైపు నేను చూసుకునే ఫ్లాట్ల ఓనర్లు చాలామంది అమెరికాలో ఉంటారు. టూలెట్ బోర్డు కట్టడం, 11 నెలల ఎగ్రిమెంటు రాయించడం, అద్దె వసూలు చేయడం ఎవరికైనా అలవాటైపోతాయి. కష్టమంతా మాట మోయడంలోనే.

"మీ ఓనర్‌కి అద్దె మీదున్న ధ్యాస ఇంటి మీద లేదండీ" అని అద్దెకున్నవాళ్ల నుంచి ఒక మాట. "వాడుకోవడం తెలియనివాళ్లను పెట్టారేంటి?" అని న్యూజెర్సీ నుంచి ఒక మాట. రెండూ నా దగ్గరే ఆగిపోవాలి. ఈ విద్య నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఒక ఫ్లాట్‌లో పడకగది కప్పు చెమ్మగిల్లిందని అద్దెకున్నవాళ్లు ఫోటో పంపారు. గీజర్ మార్పించిన ఖర్చు ఓనరమ్మకు అంతకు ముందువారమే చెప్పాను. మళ్లీ ఖర్చంటే నొచ్చుకుంటారని, "చిన్న చెమ్మే మేడమ్, చూసుకుందాం" అనేసి ఊరుకున్నాను. మూడు వారాలకు పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ మంచం మీద పడుకునే పెద్దాయన అప్పుడు హాల్లో టీ తాగుతున్నారు. నేను వెళ్లేసరికి ఆ ఇంటి కోడలు దుప్పటి దులపకుండా అలాగే ఉంచింది. దిండు మీద పళ్లెమంత పెచ్చు, చుట్టూ తడి ఇసుక.

పై ఫ్లాట్ బాత్రూమ్ పైపు జాయింట్ దగ్గర కారుతోందట. తప్పు ఓనర్‌దీ కాదు, అద్దెకున్నవాళ్లదీ కాదు. ఫోన్‌లో సంగతంతా విని ఓనరమ్మ, "పెద్దాయనకు ఏం కాలేదు కదా?" అన్నారు ముందు. తర్వాత, "ఆ ఫోటో నాకు పంపలేదేం?" అన్నారు.

కోపాన్ని వడగట్టబోయి సంగతినే వడగట్టేశాను. ఇప్పుడు ఎవరైనా చెమ్మ అంటే ముందు వెళ్లి గోడ మీద చేయి పెట్టి చూస్తాను. మరక పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తాను. ప్లంబర్ చెప్పేది అతని గొంతుతోనే రికార్డు చేసి పంపుతాను. వేసవిలో ఇక్కడ ఉదయం 9 అంటే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి 11.30, నిద్ర ముంచుకొచ్చే వేళ ఖర్చు కబురు ఎవరికి రుచిస్తుంది? తొందరేమీ లేకపోతే సాయంత్రం 6 దాకా ఆగుతాను. పెచ్చు ఊడేలా ఉంటే మాత్రం అర్ధరాత్రైనా లేపుతాను.

ఓనరైనా, నాలాంటివాళ్లైనా ఇల్లు చూడటానికి రావాలంటే 24 గంటల ముందే చెప్పాలని 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టంలో ఉంది. నేను రాయించే ఎగ్రిమెంట్లలో ఆ మాట కూడా చేరుస్తున్నాను. అద్దె కడుతున్నన్నాళ్లూ అది వాళ్లిల్లే.

ఆ రోజు పెద్దాయన దగ్గర కూర్చుని, "ఓనరమ్మకు తెలియదండీ, నేనే చెప్పలేదు" అన్నాను. ఆయన కాసేపు కప్పు కేసి చూసి, "ఆవిణ్ణి చాలా మాటలన్నాను బాబూ" అన్నారు.