గ్రంథాలయోద్యానమున ఆసనము

బెంగుళూరు కబ్బన్ ఉద్యానము 1870లో వెలసినది. 1883 మొదలు 1901 వఱకు మైసూరు దివానుగా నుండిన శేషాద్రి అయ్యరు స్మారకముగా ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున ఆ తోటలో నిర్మింపబడిన ఎఱ్ఱని మందిరమునందు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కలదు. దాని ముంగిట గులాబితోట కలదు. పుస్తకమునకును పూదోటకును ఇట్లు పొత్తు కుదురుట అరుదైన భాగ్యము. అయినను తోట ఉద్యానశాఖ పాలనలో నున్నది. పుస్తకములు గ్రంథాలయశాఖ పాలనలో నున్నవి. చేరువలో నున్నంతనే చెలిమి కలుగదు. ఈ రెంటిని కలుపవలసినది చదువరి కూర్చుండు ఆసనము. ఇట్టి తోటలయందు ఆసనము ఎట్లుండవలెనన్నదే ఇచట విచారణీయము.

కళాత్మకమైన ఆసనమనగా చూపునకు వింతగ నుండునది యని పలువురి తలంపు. 2014లో లండను నగరమున తెఱచిన పుస్తకముల ఆకృతిగల 50 బెంచీలను బహిరంగస్థలములలో నిలిపి, పిదప వేలము వేసి, ఆ ధనమును అక్షరాస్యతకు వినియోగించిరి. ఒక వేసవి ప్రదర్శనకు అది మెచ్చదగిన యూహయే. కాని నిత్యోపయోగమునకు దానిని ఆదర్శముగ గైకొనరాదు. బొమ్మ కూర్చుండుచోటనే యున్నందున, కూర్చున్నవాడు బొమ్మను కప్పును; బొమ్మను చూడవచ్చినవాడు కూర్చున్నవానిని లేపును.

ఈ చిక్కును మన స్థపతులు ఏనాడో విడదీసిరి. 1213 నాటి పాలంపేట రామప్పగుడిలోను, కన్నడసీమయందలి పెక్కు చాళుక్య, హొయ్సళ దేవాలయములలోను మండపపు అంచున కక్షాసనము కలదు. అది వెనుకకు వాలిన రాతి ఆనుడుగల అరుగు. శిల్పము వెలుపలి ముఖమున నడచువాని కన్నులకు విందు చేయును; లోపలి నునుపు కూర్చుండువాని వీపునకు ఊతమగును; పైనున్న చూరు నీడనిచ్చును. అందమునకును ఉపయోగమునకును అందు వైరము లేదు.

గ్రంథాలయపు తోటలోని ఆసనమునకు ఇదియే కొలత. ఎండకు కాగిన రాతిపైనను, ఆనుడు లేని దిమ్మెపైనను, వాననీరు నిలుచు పలకపైనను ఎవ్వరును పది పుటలు చదువజాలరు. ఇంట చోటులేని విద్యార్థికిని, మెట్లెక్కి పఠనమందిరము చేరలేని వృద్ధునకును తోటలోని ఆసనమే గ్రంథాలయము. అన్యరాష్ట్రములలో స్థిరపడిన మన సంఘములవారు పేటలలో పఠనాలయములు నెలకొల్పునపుడు ప్రక్కనున్న కొలది నేలనైనను విడువరాదు. శిల్పిని పిలుచుటకు ముందే, చెట్టునీడ ఏ వేళ ఎచట పడునో పరికింపవలెను. నలుగురు ఎదురెదురుగ కూర్చుండి ముచ్చటించుటకు ఒక అరుగును, ఒంటరిగ చదువుకొనుటకు మఱియొకటియు నుండవలెను. అటుపిమ్మట వాని వెలుపలి ముఖములయందు శిల్పి తన నేర్పు చూపవచ్చును.