ఇక్కట్టును తెలుపు ఆంగ్ల జాతీయములు - తెలుగు సమానకములు

ఆంగ్ల జాతీయమునకు తెలుగు జాతీయము నొకదానిని జోడించి చూపుట మన అనువాద పాఠములలో చిరకాలముగా నున్న పద్ధతి. సందర్భము చూపక 'సమానమైన జాతీయమును వ్రాయుము' అను పరీక్షాప్రశ్న ఈ యలవాటును బలపరచుచున్నది. రెండును ఒకే కష్టమును చెప్పుచున్నవా యని విచారించువారు తక్కువ.

'పెనము మీదినుండి పొయ్యిలో పడుట' విషయమున చిక్కు లేదు. 1546 నాటి జాన్ హేవుడ్ సామెతల గ్రంథమున నున్న ఆంగ్లరూపమున కది ముమ్మూర్తుల సరిపోవును. 'బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ' అట్టిది కాదు. దయ్యమునకును లోతైన సముద్రమునకును నడుమ చిక్కుట యని దీని మాటల యర్థము. దీనికి 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అని వ్రాయుట వాడుక. డెవిల్ అనగా ఓడలోని యొక అతుకని నావికపరముగా చెప్పు వివరణ యొకటి కలదు. కాని 1637లో అచ్చయిన రాబర్ట్ మన్రో గ్రంథమునందలి ప్రయోగము ఓడకు సంబంధించినది కాదు. ఆయన స్వీడను పక్షమున పోరిన స్కాట్లండు సైనికుడు. ఎదుట శత్రువు, వెనుకనుండి స్వపక్షపు ఫిరంగిగుండ్లు దూరము చాలక తనవారిమీదనే పడుచున్నవి. నుయ్యి గొయ్యి కదలవు, అడుగు వేసినవాడే పడును. మన్రో అడుగు వేయకయే నలుగుచున్నాడు. కావున ఇచ్చట తగినది 'అడకత్తెరలో పోకచెక్క'. నేటి ఆంగ్లమున రెండు కీడులలో నొకదాని నెన్నుకొనవలసిన స్థితికే ఈ పలుకుబడి హెచ్చుగా చెల్లుచున్నది గనుక అట్టిచోట నుయ్యి గొయ్యియే సరి. ఆ ఇరువంకల నున్నవారు మనుష్యులైనచో 'కరవమంటే కప్పకు కోపము, విడవమంటే పాముకు కోపము' మేలు.

'ఇన్ ఎ పికిల్' మరింత కఠినము. 1623లో అచ్చయిన షేక్స్పియరు 'టెంపెస్టు' ఐదవ అంకమున, త్రాగి మురికిగుంటలో మునిగి వచ్చిన ట్రింక్యులోను చూచి అలాన్జో రాజు ఈ మాటతోనే ప్రశ్నించును. అతడును అదే మాటను పట్టుకొని, ఇక తనకు ఈగల భయము లేదను భావమున బదులు చెప్పును. పికిల్ అనగా మాంసాదులు చెడకుండ ఊరవేయు ఉప్పునీరు. మద్యము, దుర్దశ, నిలువ - మూడును ఒక్క మాటలో ఇమిడినవి. 'ఊరగాయ' అన్నచో మనకు నోరూరునే కాని జాలి పుట్టదు. 'కుడితిలో పడిన ఎలుక' అన్నచో అవస్థ చక్కగా తెలియును. ఈగల మాట మాత్రము తెగిపోవును. సమానకమును వెదకుట మాని 'ఊరు' ధాతువును పట్టుకొనుట యుక్తమని నా యభిప్రాయము. 'ఎక్కడ ఇట్లు ఊరి వచ్చితివి?' అని రాజడిగినచో ట్రింక్యులో బదులు దానంతట అదే అతుకును. దుర్దశ యను అర్థము కొంత పలుచబడును గాని, ఆ నష్టము హాస్యము నశించుటకంటె చిన్నది.