విజ్ఞానబోధనపై వ్యాసములు: వానియందు బాలుని మాట

పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులును, కళాశాలలలో పరిశోధనలు చేయు శాస్త్రజ్ఞులును, తమ బోధనమును గూర్చి పరిశోధన వ్యాసములు వ్రాయవలసిన కాలము వచ్చినది. బీయెడ్ విద్యార్థి క్రియాత్మక పరిశోధన యను పేర నొక వ్యాసము సమర్పించును. 2010లో యూజీసీ ప్రచురణలకు పాయింట్లు నిర్ణయించినది మొదలు కళాశాలాధ్యాపకునకు వ్యాసము ఉద్యోగపు మెట్టులలో నొకటియైనది. వ్రాయుమనువారు కలరు గాని, వ్రాసినదాని గుణదోషములు విచారించువారు అరుదు. ఇట్టి వ్యాసములు కొన్నిటిని చదివి మాకు తోచినదానిని చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఉపాధ్యాయుల వ్యాసముల స్వరూపము ప్రాయికముగా నొక్కటే. మొదట విజ్ఞానమహిమ, పిమ్మట కృత్యపద్ధతికి ప్రశంస, ఆపైని రెండు పరీక్షల మార్కుల పట్టిక, తుదను ప్రభుత్వమునకు సూచనలు. పాఠమునకు ముందు 40కి 12 మార్కులు వచ్చిన పిల్లవానికి పాఠమైన పిదప 26 వచ్చెను గనుక మా పద్ధతి ఫలించెనని వ్రాయుదురు. తర్కము చదివినవారు దీనిని సవ్యభిచార హేతువందురు. సాధ్యము లేనిచోట గూడ కనబడు హేతువు సాధ్యమును నిరూపింపజాలదు. పాఠమును మరల ఏ రీతిని చెప్పినను మార్కులు పెరుగును. అదే పరీక్షను రెండవమారు వ్రాసినను కొంత పెరుగును. పెరుగుదల ఈ పద్ధతివలననే కలిగినదనుటకు అదే కాలమున పాతరీతిని చదివిన మరియొక తరగతిని చూపవలయును గదా! పూర్వపక్షమునకు పీట వేయక సిద్ధాంతము చేయుట మన శాస్త్రకారులెవ్వరును ఒప్పని పని.

శాస్త్రజ్ఞుల దోషము వేరు. వారికి కొలత తెలియును, పోలిక తెలియును, సందేహించుటయు తెలియును. అయినను తరగతిలోనికి వచ్చినతోడనే, ప్రయోగశాలలో ఉప్పును తూచినట్లు పిల్లలను తూచి, ఇంతమందికి తెలిసినది, ఇంతమందికి తెలియదని శాతములు వేసి ముగింతురు. ఉప్పుగల్లు తన బరువును గూర్చి యే యభిప్రాయమును పెట్టుకొనదు. బాలుడు పెట్టుకొనును. తెలియదనబడిన యా బాలుడు దానికి మారుగా నేమి నమ్ముచున్నాడన్నదే ఇచ్చట అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను చక్కగా నడిగినవారి కథ యొకటి కలదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రమునందు హలూన్, హెస్టెనెస్ అను భౌతికశాస్త్రజ్ఞులు చలనమును గూర్చి విద్యార్థులను ప్రశ్నించి, వారు సొంతమాటలలో వ్రాసిన తప్పు జవాబులను ప్రోగుచేసి, ఆ తప్పులనే ఎంపికలుగా నిలిపి యొక పరీక్షను కూర్చి 1985లో ప్రకటించిరి. హార్వర్డు విశ్వవిద్యాలయాచార్యుడు ఎరిక్ మజూర్ అట్టి ప్రశ్నలను తన శిష్యులకీయగా, ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పినట్లు వ్రాయవలయునా, నేను మామూలుగా తలచునట్లు వ్రాయవలయునా యని యడిగెనట! ఆ యొక్క మాటతో ఆయన తన బోధనరీతినే మార్చుకొనెను. 1992లో హెస్టెనెస్ 29 ప్రశ్నలతో బలభావనను పరీక్షించు మరియొక పత్రమును ప్రకటించినప్పుడు, ఆయనతో కలసి వ్రాసినవారిలో మాల్కం వెల్స్ ఒకడు. ఈయన ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పిన పంతులు. ఆ వ్యాసమును వేలకొలది ఇతర వ్యాసములు పేర్కొనినవి. తప్పు జవాబును పారవేయక దాచుకొనుటయే దాని బలము.

బలమనగానే మన తెలుగు చిక్కొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. మా పులివెందుల ప్రాంతపు బాలుని దొర్లుచున్న బంతిని గూర్చి యడిగినచో, "దాంట్లో బలముండేంతసేపు పోతాది, అయిపోతే నిలబడతాది" అనును. దీనిని ఇంగ్లీషులోనికి మార్చి, ఈ బాలునకు ఫోర్సు తెలియదని వ్రాయుట సులభము. కాని యింటిలో వాడు వినిన బలము, ఒంటిలో నుండునది, తిండివలన వచ్చునది, పనివలన తరుగునది. శాస్త్రపుస్తకమున బలము, శక్తి, సామర్థ్యము మూడు వేర్వేరు పదార్థములు. వంటయింటిలో మూడును నొక్కటే. వాడు శక్తి యన్న భావమునకే బలమన్న పేరు పెట్టెనేమో యని విచారింపక తప్పు వేయరాదు. వడి, వేగము అన్న మాటల గతియు నిట్లే. మామిడిపండు వేడి, మజ్జిగ చలువ యని తల్లి చెప్పగా పెరిగిన పిల్లకు ఉష్ణము, ఉష్ణోగ్రత అను భేదము చెప్పబోవు పంతులు, ఆ వేడి థర్మామీటరునకు అందదని ముందుగా గ్రహింపవలయును. దూరదేశపు పండితునకు ఈ సంగతి అడిగిన గాని తెలియదు. మన తల్లులకు అడుగకయే తెలియును!

1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని చూపిరి. చెప్పిన శాస్త్రము తెలుగు బాలుని మనస్సున నెట్లు మారుచున్నదో పరీక్షించుట అంతకు తరువాతి పని. 2020 తరువాత మన ప్రభుత్వ పాఠశాలలకు ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఆ రెండు పుటల నడుమ పిల్లవాడు ఏ మాటను ఏ మాటతో ముడివేయుచున్నాడో గమనించుటకు పాఠశాలను మించిన ప్రయోగశాల లేదు. కావున వ్యాసము ఇంగ్లీషున వ్రాసినను బాలుని వాక్యమును తెలుగులోనే, వాడు పలికినట్లే యచ్చువేయించి, ఆపైని అనువదింపవలయునని మా పట్టుదల.

భూగర్భశాస్త్రమున పులివెందుల పేరు పాతదే. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి వ్రాసిన గ్రంథమున మా యూరి పేరును, జమ్మలమడుగు పేరును శిలల పేరులైనవి. మా రాళ్ల జవాబులను దేశాంతరపు పండితులు ఓపికతో విని వ్రాసికొనిరి. ఆ రాళ్లపై నడచి బడికి వచ్చు పిల్లల జవాబులకు ఆ పాటి యోపిక వలదా? సమీపమున తుమ్మలపల్లెలో యురేనియము గని యున్నది. ఆ చుట్టుపట్ల పదవ తరగతి పిల్లలు యురేనియమును గూర్చి యేమి తలచుచున్నారు, కంటికి కానరాని కిరణమును నీటితో పోల్చుదురా, గాలితో పోల్చుదురా, అంటురోగముతో పోల్చుదురా? ఇది యడుగుటకు యంత్రములక్కరలేదు. ఇరువది మందిని విడివిడిగా కూర్చుండబెట్టి, ఒకే ప్రశ్న వేసి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, పేరు దాచి, తేది వేసిన చాలును.

పంతులును శాస్త్రజ్ఞుడును కూడి పనిచేయుట కల్ల కాదు. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాదు జిల్లాలో 16 పల్లెబడులతో ప్రారంభమైన విజ్ఞానబోధన ప్రయత్నమున టాటా పరిశోధనసంస్థవారును, ఢిల్లీ విశ్వవిద్యాలయమువారును పల్లె ఉపాధ్యాయులతో కూర్చుండి పాఠములు దిద్దిరి. ప్రభుత్వము 2002లో దానిని నిలిపివేసెను గాని, ముప్పది యేండ్లు అది నడచెను. మా కడప జిల్లాలో 2006 నుండి యోగి వేమన విశ్వవిద్యాలయము కలదు, బడులకు కొదువలేదు. ఇరువురును ఒక బల్లకడ చేరిన, పోలిక యెట్లు కుదుర్చవలయునో శాస్త్రజ్ఞుడు చెప్పును, పిల్లవాని మాటకు అర్థమేమో పంతులు చెప్పును.

తీరిక లేదని మా తోడి యుపాధ్యాయులందురు. సత్యమే. అయినను పరీక్షపత్రములు దిద్దక తప్పదు గదా. దిద్దునపుడు ఎఱ్ఱగీత గీచిన వాక్యములలో వింతయైనవానిని దినమున కొక రెండు నోటుపుస్తకమున కెక్కించినచో ఏడాది తిరుగునప్పటికి వందలకొలది యగును. ఇప్పుడవి యన్నియు వేసవి సెలవులలో కాగితపు తూకమునకు పోవుచున్నవి.